చిరుతకు అంచు ఉంటదా?

ఆ రోజుల్లో నాకు కోపం ముక్కు మీదే ఉండేది. ఇప్పుడు కాస్త కిందికి దిగిందని ఇంట్లోవాళ్లు అంటారు, నేను మాత్రం ఒప్పుకోను. జంతుశాస్త్రంలో పీజీ చేసి, ఖమ్మంలో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన కొత్త. కప్ప గుండెకు ఎన్ని గదులో బోర్డు మీద గీసి గీసి విసుగెత్తి, ఒక్క జంతువునైనా అది బతికే చోటే చూడాలని పట్టుదల పట్టాను. మా ఊరు సత్తుపల్లి దాటి, ఆటోలో ఇంకా చాలా దూరం పోతే అడవి అంచున ఉంటుంది. ఇంటి వెనక అంత అడవి ఉన్నా నేను అంతవరకు చూసిన అడవి జంతువులు రెండే, కోతులు, అడవిపందులు. (వాటిని చూడటానికి అడవికి పోనక్కర్లేదు, మా మొక్కజొన్న చేనుకు పోతే చాలు.) అందుకని కదలిక కనపడితే దానంతటదే ఫోటో తీసే కెమెరా ఒకటి ఆన్‌లైన్లో తెప్పించాను. చెట్టుకు కట్టుకునే ఆకుపచ్చ డబ్బా అది, చీకట్లోనైతే నలుపు తెలుపుల్లో తీస్తుంది. అందులో పడిన జంతువులను లోకానికి చూపించడానికి ఒక పేజీ కూడా తెరిచాను. జంతువులు దొరకకముందే పేజీ తెరిచిన తెలివి నాది.

మొదటి వారం పెరట్లో కట్టి చూశాను. వందల ఫోటోలు వచ్చాయి. కొబ్బరిమట్ట ఊగుతూ ఒక వంద, మా కోడిపెట్ట అటు పోతూ ఇటు వస్తూ ఒక వంద, నోట్లో వేపపుల్ల పెట్టుకుని కెమెరాలోకి తొంగిచూస్తూ మా నాన్న ఒక పది. కోడిపెట్టను పేజీలో పెడితే ముగ్గురు మెచ్చుకున్నారు, అందులో ఇద్దరు మా చిన్నాన్న పిల్లలు. రెండో వారం అడవిదారిలో చెట్టుకు కట్టాను. అది ఇంకా ఘోరం. ఊళ్లోవాళ్లు ఒక్కొక్కరే వచ్చి తల దువ్వుకుని మరీ దాని ముందు నిలబడ్డారు. సర్కారువాళ్లే పెట్టి ఉంటారనుకుని ఒకాయన పట్టాదారు పాసుపుస్తకం తెరిచి, తన పేరు స్పష్టంగా కనపడేట్టు గుండెల దగ్గర పట్టుకుని పది నిమిషాలు కదలకుండా ఉన్నాడు. ఆయన కదలలేదు కాబట్టి కెమెరా కూడా ఆయన్ను రెండుసార్లే తీసింది. "మేడం, నా ఫోటో పైకి పోయిందా?" అని తర్వాత నన్నే అడిగాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అడవి జంతువుల కోసం పెట్టిన కెమెరాలో ఊరి జనాభా లెక్క తేలింది తప్ప ఒక కుందేలు పడలేదు.

అప్పుడే ఇప్పపువ్వు రాలే కాలం వచ్చింది. ఆ పువ్వంటే ఎలుగుబంట్లకు, జింకలకు ప్రాణం కదా, ఇప్పచెట్టుకు కడితే తిరుగుండదు అనుకున్నాను. ఇక్కడ మా ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. అడవి అంచున ఉన్న ఇప్పచెట్లకు పట్టాలూ కాగితాలూ ఉండవు. పూలు రాలడానికి ముందే చెట్టు కింద ఎండుటాకులు ఊడ్చి నేల శుభ్రం చేసినవాళ్లవే ఆ ఏడాది పూలు. ఒక ఇంటివాళ్లు ఏటేటా ఊడుస్తూ ఉంటే చెట్టు ఆ ఇంటిదని ఊరంతా ఒప్పుకుంటుంది. ఇంకొకరు ఊడ్చిన చెట్టు కింద ఒక్క పువ్వు ఏరినా అది దొంగతనమే. పత్తి చేలో పడి పత్తి తీసుకుపోయినా పెద్దమనుషుల్లో మాట్లాడి సర్దుకుంటారు గానీ, ఇప్పపువ్వు దొంగ అని పేరు పడితే మూడు తరాలైనా పోదు. అన్నిటికంటే బాగా పూసే చెట్టు గుట్టకాడి అవ్వది. అవ్వ ఇంట్లో కోయ మాట్లాడుతుంది, మాతో తెలుగు మాట్లాడుతుంది, ఎక్కువగా ఏదీ మాట్లాడదు. ఆ ఒంటరి మనిషికి ఏడాది మొత్తానికి పెద్ద ఆధారం ఆ పూలే.

శనివారం సాయంత్రం కెమెరా పట్టుకుని పోతే, ఎప్పుడూ దేనికీ అడ్డు చెప్పని అవ్వ ఆ రోజు అడ్డం తిరిగింది.

"ఈ చెట్టొద్దు బిడ్డా. అగో, ఆ పక్కదానికి కట్టుకో. దీని కిందికి ఏ జంతువూ రాదు."

"పూలన్నీ దీని కిందనే పడుతుంటే ఎందుకు రాదవ్వా?"

"రాదంటే రాదు. నేను ఎన్నేండ్ల సంది చూస్తలేను?"

పీజీ చేసినదాన్ని, ఎలుగుబంటి ఆహారపు అలవాట్ల మీద అవ్వకు అక్కడే నిలబెట్టి పాఠం చెప్పాను. అవ్వ అంతా విని, "నీ ఇష్టం తల్లీ" అని గంప నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయింది. చదువుకున్నవాళ్ల మాట వినని ముసలివాళ్ల మీద దారి పొడవునా గొణుక్కున్నాను. ఈసారి పాసుపుస్తకాల బెడద లేకుండా కెమెరా సంగతి ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు.

పై ఆదివారం పొద్దున్నే పోయి, కెమెరాలో ఇంకో కార్డు వేసి, పాత కార్డు తీసుకొచ్చి, ప్రార్థనకు పోవడానికి టైమవుతోందని అమ్మ అరుస్తున్నా వినకుండా లాప్‌టాప్‌లో పెట్టాను. ఆకులు, ఉడుత, ఆకులు, ఆవు. ఆ తర్వాత వచ్చింది ఆ ఫోటో. తెల్లవారుజాము మసక, నలుపు తెలుపు బొమ్మ. చెట్టు కింద వంగి, తల కిందికి పెట్టి, ఒంటినిండా గుండ్రటి మచ్చలతో ఒక పెద్ద ఆకారం. వీపు ఒంపు, మచ్చలు, బలిసిన పిరుదులు స్పష్టంగా కనిపిస్తున్నాయి. చిరుత! రెండు నిమిషాల తర్వాతి ఫోటోలో అదే చోటుకు గంపతో నడిచి వస్తూ గుట్టకాడి అవ్వ. రెండే నిమిషాలు! పాపం, మృత్యువు ఎంత పక్క నుంచి పోయిందో అవ్వకు తెలియదు కదా అని కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నాను. మిగతా ఫోటోలు చూడకుండానే ఆ రెండూ పక్కపక్కన పెట్టి, "చిరుత, రెండు నిమిషాల తర్వాత ఒక అమాయక వృద్ధురాలు" అని రాసి పేజీలో పెట్టి ప్రార్థనకు పోయాను. ఆ ప్రార్థనలో నేను ఏం పాడానో నాకు గుర్తులేదు, ఫోను చూడకుండా ఉండటానికి పడిన బాధ మాత్రం గుర్తుంది.

మధ్యాహ్నానికి ఫోటో ఎక్కడికో పోయింది. కోడిపెట్టను మెచ్చుకున్నవాళ్లు ముగ్గురైతే చిరుతను చూసినవాళ్లకు అంతే లేదు. దాంతోపాటు నిపుణులు దిగారు. మగదని ఒకరు, కాదు గర్భంతో ఉందని ఒకరు వాదించుకున్నారు. ఫోటో మూల తేదీ ఏ నాటిదో పడిందేమిటని ఇంకొకరు వెక్కిరించారు. (నేను కెమెరాలో తేదీ పెట్టడం మరిచిపోయాను, నిజమే. అయితే చిరుత చిరుత కాకుండా పోతుందా?) వీళ్లందరినీ భరించాను. ముఖం ఫోటో కూడా లేని ఒక వేంసూరు మనిషిని మాత్రం భరించలేకపోయాను. "మేడం, చిరుతకు అంచు ఉంటదా? వీపు మీద పట్టీ కుట్టినట్టు కనపడుతుంది" అని రాశాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ కనపడేది కండరాల గీత అనీ, మసక వెలుతురులో తీసిన బొమ్మలో నీడలు ఎలా పడతాయో ముందు నేర్చుకోమనీ పేరాలు పేరాలు రాసి, చివర "అన్నీ తెలిసినట్టు మాట్లాడకండి" అని బుద్ధి చెప్పి, ఆయన మళ్లీ నోరెత్తకుండా పేజీలోంచి తీసిపారేశాను. చాలా తృప్తిగా అనిపించింది.

ఖమ్మం చేరిన మర్నాటికి నాన్న ఫోను. ఎవరో యూట్యూబ్ చానల్ అబ్బాయి మైకు పట్టుకుని ఊళ్లోకి వచ్చి, చిరుత అరుపు ఎలా ఉందో చేసి చూపించమని మా పక్కింటాయన్ను అడిగాడట. ఆయన చేసి చూపించాడట కూడా. ఆ వెనకే ఫారెస్టు బీటు ఆఫీసరు వచ్చి, చిరుత సంగతి తేలేవరకు ఎవరూ ఇప్పచెట్ల వైపు పోకూడదని చాటింపు వేయించాడట. నేను వెంటనే ఆయనకు ఫోను చేసి గట్టిగానే అడిగాను.

"పూలు రాలేది నిండా మూడు వారాలే కదండీ, ఆడవాళ్లు పోకపోతే ఎట్లా?"

"మేడం, చిరుత అని పెట్టింది మీరే కదా? ముసలమ్మకు రెండు నిమిషాల్లో గండం తప్పిందని రాసింది మీరే కదా? రేపు ఎవరికన్న ఏమన్న అయితే జవాబు చెప్పేది నేను."

నా మాటలే నాకు చదివి వినిపించేవాళ్లంటే నాకు మొదటినుంచీ పడదు. ఫోను పెట్టేశాను. ఆ వారమంతా కాలేజీలో నన్ను చూసి పిల్లలు లేచి నిలబడుతుంటే (అంతకుముందు నిలబడేవాళ్లు కాదు) ఒక పక్క గర్వం, ఇంకో పక్క ఊళ్లో రోజురోజుకూ నేల మీద పులిసిపోతున్న పూల గురించి దిగులు. పేరు వచ్చింది నాకు, పూలు పోయింది వాళ్లకు.

శనివారం ఇంటికి వచ్చేసరికి మా మేనత్త ఇంటి ముందు ఆడవాళ్లు గుంపుగా కూర్చుని ప్రార్థన చేస్తున్నారు. అత్తమ్మ మా నాన్నకు అక్క, మా పక్కిల్లే. మా చర్చి సంఘంలో ఆడవాళ్లందరికీ ఆవిడే పెద్ద. మామయ్య ఇప్పసారా తాగి తాగి చిన్న వయసులోనే పోయినప్పటి నుంచి అత్తమ్మకు ఆ పువ్వంటే విరోధం. అది సాతాను పువ్వనీ, దాన్ని ఏరే చెయ్యి కూడా పాపపు చెయ్యేననీ ప్రతి ప్రార్థన కూడికలోనూ చెప్పేది, అదీ గుట్టకాడి అవ్వను సూటిగా చూస్తూ. అవ్వ మా సంఘం మనిషి కాకపోయినా మంచినీళ్లకు కూడికలు జరిగే చోట ఉన్న మా బోరింగు దగ్గరకే వచ్చేది కాబట్టి వినక తప్పేది కాదు. అట్లాంటి అత్తమ్మ ఆ రోజు కళ్లు మూసుకుని, "క్రూరమృగము నోరు మూయించు తండ్రీ, మా ఆడబిడ్డల్ని కాపాడు" అని గొంతెత్తి ప్రార్థిస్తోంది. నాకు మనసు కరిగింది. పువ్వు మీద కోపం మనుషుల మీద పెట్టుకోలేదు, ఎంత మంచి మనసు అనుకుంటూ ఆవిడ పెరట్లోకి కాళ్లు కడుక్కోవడానికి పోయాను.

పెరట్లో తీగ మీద చిరుత ఆరేసి ఉంది.

గుండ్రటి మచ్చలు, ఊదా రంగు అంచు. ఒక మూల ఊడిపోయిన అంచును అత్తమ్మ సూదితో అడ్డదిడ్డంగా కుట్టుకున్న పట్టీ. ఆ దుప్పటి నేను కొన్నదే. క్రిస్మస్‌కు ఖమ్మంలో బేరమాడి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చి, నా చేతులతో ఆవిడ భుజాల మీద కప్పింది నేనే. ఆ క్షణంలో నాకు వేంసూరు మనిషి గుర్తొచ్చాడు. సిగ్గుతో చచ్చిపోయాననాలి, కానీ నిజం చెప్తున్నాను, ముందు వచ్చింది కోపమే. ఇంత పెద్ద దుప్పటి ఊరి నడిమధ్య ఆరుతుంటే ఊళ్లో ఒక్కరికైనా కళ్లు లేవా?

ప్రార్థన ముగించి అందరినీ పంపి లోపలికి వచ్చిన అత్తమ్మ నన్నూ దుప్పటినీ మార్చి మార్చి చూసింది. తేలు కుట్టిన దొంగలా ఉంటుందనుకున్నాను. ఏమీ లేదు, నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"అవ్, నేనే. అయితే ఏంది?"

"అయితే ఏందా? పొద్దున్నే ఆ చెట్టు కింద ఏం చేస్తున్నవత్తా?"

"ఏం చేస్తరు చెట్టు కింద? పూలేరిన. వేంసూర్ల నా బిడ్డ, నీ వదిన, కాన్పయ్యి పాలిపోయి పడున్నది. ఒంట్ల రక్తం లేదన్నరు. దవాఖానా గోలీలు కడుపుల ఉంటలేవు. మా అమ్మ నాకు పెట్టినట్టు రెండు ఇప్పపూల లడ్డూలు చేసి పెడదామనుకున్న. గింత దానికి పాపమా?"

"మరి అవ్వను అడగొచ్చు కదా?"

అత్తమ్మ గొంతు తగ్గించి చెప్పింది, "ఏ మొఖం పెట్టుకోని అడగాలె బిడ్డా? ఇరవై ఏండ్ల సంది పాపపు చెయ్యి అని అందరి ముంగట అన్న. గా చెట్టు మీ మామ ఇంటిదే. ఆయన పోయినంక నేనే ఊడ్చుడు మానేసిన. తర్వాత అవ్వ ఊడ్చుకున్నది. ఇప్పుడది అవ్వదే. దొంగతనమని తెలిసే ఏరిన."

అంతవరకు నిలదీస్తున్న నాకు జాలి వేసింది. కానీ కోపం మాత్రం పోలేదు. "మరి నేను చిరుత అని పెట్టినప్పుడన్నా చెప్పొచ్చు కదా! పైగా ప్రార్థన ఒకటి!"

"నువ్వు చిరుత అన్నవు. టీవీల అన్నరు. ఆఫీసరు అన్నడు. ఊరంత అన్నది. నేనొక్కదాన్ని కాదు నేనే అంటే ఎవలు నమ్ముతరు? నీకు పేరొచ్చిందని కూడా ఊకున్న." చివరి మాట విని నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అత్తమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "చెప్తే ఇగ నేను కూడికల నిలబడలేను బిడ్డా. నీ వదినను అత్తగారింట్ల ఇప్పపూల దొంగ బిడ్డ అంటరు. నువ్వే ఏదన్న చెయ్యి."

నేను ఏం చేయాలో అర్థం కాక, అర్థం కానప్పుడల్లా చేసే పనే చేశాను, విసవిసా నడుచుకుంటూ గుట్ట దగ్గరికి పోయాను. అవ్వ గుడిసె ముందు ఖాళీ గంప పక్కన పెట్టుకుని కూర్చుంది. ఆ వారం ఏరాల్సిన పూలు ఏరలేదు, ఎండబెట్టాల్సిన చాప చుట్టిపెట్టి ఉంది. అత్తమ్మ పేరు ఎత్తకుండా ఎట్లా మొదలుపెట్టాలా అని నేను నీళ్లు నములుతుంటే అవ్వే అంది.

"దుప్పటి ఆరిందా?"

"నీకు తెలుసా అవ్వా?"

"మొదటి రోజు సంది ఎరుకే. అందుకే చెట్టొద్దన్న. నువ్విన్నవా?"

"మరి ఆ రెండు నిమిషాలు..."

"రెండు నిమిషాలేంది బిడ్డా! నేను కోడి కూయంగనే వచ్చి పొద చాటుకు కూసుంటున్న. మీ అత్త ఏరుకోని పోయినంక పోదామని. నన్ను చూస్తే సిగ్గుతోని బీరిపోతది కదా, పాపం."

"ఆఫీసరు వచ్చినప్పుడు చెప్తే నీ పూలు నీకు దక్కేవి కదా అవ్వా!" అని అరిచాను. నిజంగా అరిచాను, అవ్వ మీద.

అవ్వ నా అరుపును పట్టించుకోలేదు. "చెప్తే మీ అత్త దొంగయితది. పూలకేంది, మళ్లొచ్చే ఏడు గూడ రాలతయి" అంది.

నేను అక్కడే నేల మీద కూర్చున్నాను. అంతకుముందు వారం ఈ మనిషినే కదా "అమాయక వృద్ధురాలు" అని రాసి లోకానికి చూపించాను. నా మీద నాకు అసహ్యం వేసింది. ఎవరి మీద కోపగించుకోవాలో వెతికితే ఊళ్లో నేను తప్ప ఇంకెవరూ మిగల్లేదు.

ఆ సాయంత్రమే పేజీలో రాశాను. అది చిరుత కాదు, చిరుత మచ్చల దుప్పటి అనీ, అది కప్పుకుని అవ్వ అనుమతితో పూలు ఏరుతున్నది నేనేననీ, నా కెమెరాలో నేనే పడి, నన్ను నేనే చిరుత అనుకున్నాననీ. ఎవరైనా నమ్ముతారా అని భయపడ్డాను. తేదీ తప్పు పడింది కాబట్టి ఆ రోజు నేను ఖమ్మంలో ఉన్నానని పట్టుకోవడం ఎవరి తరమూ కాదు, అయినా జంతుశాస్త్రం చదివిన మనిషి ఇంత తెలివితక్కువదా అని ఒక్కరైనా సందేహించాలి కదా? ఒక్కరంటే ఒక్కరు సందేహించలేదు. అందరూ ఇట్టే నమ్మారు. అదీ నా కడుపుమంట! నిపుణులంతా "మేము అప్పుడే అనుకున్నాం" అన్నారు, మగ చిరుత అన్నాయన, గర్భం అన్నాయన కూడా. దుప్పటి తెచ్చి చూపించాక బీటు ఆఫీసరు చాలాసేపు దాన్ని చూసి, "మేడం, దీన్ని ఇంట్లనే కప్పుకోండి" అని చెట్ల వైపు పోనిచ్చాడు. వేంసూరు మనిషికి క్షమాపణ చెప్పి మళ్లీ పేజీలోకి పిలిచాను. "ఏం పర్లేదు మేడం, నేను దుప్పట్లు అమ్ముత" అని జవాబిచ్చాడు. కాలేజీలో ఆ సోమవారం నా బల్ల మీద చిరుత మచ్చల చేతిరుమాలు పరిచి ఉంది. పిల్లలు లేచి నిలబడటం మానేశారు. ఆ ఏడాదంతా నా పేరు దుప్పటి మేడం.

ఇంకా పది రోజులు పూలు రాలాయి. కెమెరా విప్పుకుని ఇక జన్మలో దీని మొహం చూడనని ఒట్టు పెట్టుకోవడానికి ఆ పై ఆదివారం పొద్దున్నే చెట్టు దగ్గరికి పోయాను. పట్టీ ముడి బిగుసుకుపోయి ఎంతకీ రాలేదు. దాన్ని తిట్టాను, కొట్టాను, పళ్లతో లాగాను. ఆ రెండో కార్డులో ఆఖరి ఫోటో అప్పుడు పడిందే, పేజీలో ఎప్పుడూ పెట్టలేదు. కళ్లజోడు జారి, ముక్కుపుటాలు ఎగరేసి, డబ్బా మీద విరుచుకుపడుతున్న ఇరవైనాలుగేళ్ల పిల్ల బొమ్మ నిండా ఉంది. ఆ పిల్ల భుజం పక్కనుంచి వెనక, అదే చెట్టు కొమ్మల కింద ఇద్దరు ఆడవాళ్లు కనిపిస్తారు. ఒకరు అవ్వ, ఒకరు అత్తమ్మ. మధ్యలో ఒకే గంప. అత్తమ్మ ఏదో అన్నట్టుంది, అవ్వ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. వాళ్లు అట్లా పక్కపక్కన కూర్చున్నది నేను కళ్లారా చూడలేదు, కార్డు తీశాక ఫోటోలోనే చూశాను. ఇప్పుడు నా జుట్టు నెరుస్తోంది, అవ్వ లేదు. అప్పుడప్పుడూ ఆ ఫోటో తీసి, ముడితో కుస్తీ పడుతున్న ఆ పిల్ల మీద కోప్పడుతుంటాను, వెనక్కి తిరిగి చూడవే అని.